సినిమాలో మార్చిన ముగింపు

సింగపూరులోని ఆంగ్ మో కియో ఫ్లాటులో అతను పొద్దున్నుంచీ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. భార్య సోఫాలో కూర్చుని ఒక ఫ్రెంచి రచయిత డిటెక్టివ్ నవల ఇంగ్లీషులో చదువుకుంటోంది.

"హంతకుడు డాక్టరే. సినిమా చూశాను నేను."

"చెప్పేశారూ! అయినా సినిమావాళ్ళు ముగింపు మార్చారట, ముందుమాటలో రాశారు. ఈయన నవలలన్నిటికీ అదే గతి. ఉన్నదున్నట్టు తీస్తే జనం తట్టుకోలేరని భయం."

"అయితే అసలు హంతకుడెవరు? చివరి పేజీ చూడు."

"చూడను."

"ఇవాళ ఒక్కటైనా తెలియనీవే! పొద్దున్నే ఫోన్ చేస్తానన్న ఏజెంటు ఇంతవరకూ చెయ్యలేదు."

"చేస్తాడు లెండి. వర్క్ పాస్ వస్తే కొత్త కంపెనీలో చేరతారు, రాకపోతే గుంటూరు వెళ్ళిపోదాం."

"ఎలా వెళ్తాం? పెద్ద కంపెనీలో చేరిపోయానని అక్కడ అందరికీ చెప్పేశాను."

"అప్పుడేనా? మీకు అన్నిటికీ తొందరే!"

బల్ల మీద సెల్‌ఫోన్ మోగింది. అతను రెండడుగులు వేసి ఆగిపోయాడు.

"ఏజెంటేనండీ, ఎత్తండి."

"నువ్వెత్తు. వస్తే వచ్చిందని చెప్పు. రాకపోతే..." అతను ఆమె ఒళ్ళోని పుస్తకం వైపు చూశాడు. "రాకపోతే సాయంత్రం దాకా సినిమావాళ్ళలా మార్చి చెప్పు."

ఆమె ఫోనెత్తి, అవతలి మాట చివరిదాకా విని, పెట్టేసి నవ్వింది.

"వచ్చేసిందండీ!"

అతను దగ్గరికొచ్చి ఆ నవ్వులోకి అనుమానంగా చూశాడు.

"నిజం చెప్పవే. ఇది నవలా, సినిమానా?"