ఎడమ మడమలో మూడు మేకులు

సరిహద్దు ఊళ్ళో బూట్ల మేస్త్రీ కొట్టు. పొద్దెక్కుతున్న వేళ. బల్ల మీద బురద ఎండిన ఎడమకాలి బూటొకటి. బల్లకి అటు మేస్త్రీ, ఇటు రక్షణశాఖ ఆఫీసరు.

"ఇది నీ బూటేనా కాదా, ముందది చెప్పు."

"నా కాలికి పెద్దదండి."

"వెటకారాలొద్దు మేస్త్రీ! నువ్వు కుట్టిందేనా అని అడుగుతున్నాను."

"కుట్టించింది మీరే కదండీ. నాలుగు వందల జతలు. లోపల నంబరు వద్దు, అడుగున ముద్ర వద్దు, ఎవరు కుట్టారో కన్నతల్లికి కూడా తెలియకూడదన్నారు."

"అన్నాను. మరి ఈ మడమలో మూడు మేకులేమిటి? ముక్కోణంగా?"

"ఎడమ మడమకి మూడు మేకులు మా నాన్న కొట్టేవాడండి, వాళ్ళ నాన్నా కొట్టేవాడు. మూడోది దిగితే గానీ నాకు బూటు పూర్తయినట్టుండదు. చెయ్యి దానంతటదే పోతుంది."

"నీ చెయ్యి పోయింది సరే, నా పరువు పోయింది! పక్కదేశం వాళ్ళు నిన్న టీవీలో ఇలాంటి బూటే తిరగేసి చూపించారు. 'మా తిరుగుబాటుదార్లకి బూట్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడండి' అని. పక్కనే నీ కొట్టు బోర్డు ఫొటో. దాని మీదా మూడు మేకులే!"

"బోర్డు బాగా కనిపించిందాండీ? ఈమధ్యే రంగు వేయించాను."

"ఇదిగో కాగితం. సంతకం పెట్టు."

"ఏముందండీ ఇందులో?"

"నాలుగు వందల జతలూ నువ్వే సొంతంగా కుట్టి, దొంగచాటుగా ఏరు దాటించి అమ్ముకున్నావని. ప్రభుత్వానికి ఏ సంబంధమూ లేదని."

"ఎన్నేళ్ళండీ?"

"ఏవి?"

"జైలు."

"మూడు... మహా అయితే ఐదు. మంచి జైలయ్యా. పని కూడా ఇస్తారు. బూట్లు కుట్టుకోవచ్చు."

"అక్కడా దేశసేవే అన్నమాట."

"మరే. పెట్టు."

"పెడతాను లెండి, కాగితం ఎక్కడికి పోతుంది. తెలీక అడుగుతాను, అసలు వాళ్ళ కొట్లాటలో మనకేం పనండీ?"

"పైవాళ్ళు చెప్పమన్నది చెప్పనా, నిజం చెప్పనా?"

"పైవాళ్ళదే కానివ్వండి ముందు."

"అక్కడి జనాన్ని వాళ్ళ ప్రభుత్వం అణగదొక్కుతోంది. చూసి మన ప్రభుత్వం గుండె తరుక్కుపోయింది."

"మా పేటలో కుళాయి ఎండి ఆర్నెల్లయింది. దానికి తరుక్కుపోలేదేం?"

"అది మునిసిపాలిటీ గుండె. వేరే శాఖ."

"ఓహో. మరి నిజమేంటండీ?"

"పొరుగువాడు ఇంటి తగవుల్లో మునిగుంటే మన గట్టు జోలికి రాడు. మన సైన్యాన్ని పంపితే మనవాళ్ళు చస్తారు, లోకమంతా తిడుతుంది. వాళ్ళనే వాళ్ళ మీదికి ఎగదోశామనుకో, నాలుగు తుపాకులు, నాలుగు బూట్లతో పోతుంది. అయినా వాడు మాత్రం తక్కువ తిన్నాడా? పదేళ్ళ కింద మన కొండల్లో తిరగబడ్డవాళ్ళకి వాడే కదా మందుగుండు ఇచ్చింది."

"అప్పుడు మనమేమన్నామండీ?"

"నీచం అన్నాం."

"ఇప్పుడు మనం చేసేది?"

"సంఘీభావం."

"ఆ సంఘీభావం మా అక్కావాళ్ళింటికీ వచ్చిందటండి, అవతలి ఒడ్డున. మేకల్ని తోలుకుపోయిందట, బావ సైకిలెక్కి పోయిందట. తలుపు మీద మూడు మేకుల అచ్చు. 'తమ్ముడూ, నీ పనితనం తగ్గలేదురా, తలుపు ఒక్క తన్నుకే ఊడొచ్చింది' అని అక్క ఉత్తరం రాసింది."

"ఏదో... ఉద్యమం అన్నాక అలాంటివి..."

"లేదులెండి, ఆ మేకలు ఎవర్ని అణగదొక్కాయో ఏమో."

"సరే సరే. ఇప్పుడా గొడవే లేదు. ఈ నెల నుంచి అన్నీ ఆపేశాం. తిండి, మందులు, తూటాలు, అన్నీ."

"అదేంటండీ? గుండె కుదుటపడిందా?"

"పక్కదేశం దిగొచ్చింది. వాళ్ళ ఓడరేవు దాకా మనకి రోడ్డు ఇస్తానంది. మనక్కావలసింది అదే కదా. సాయంత్రం ఇక్కడే, మా అతిథిగృహంలో ఒప్పందం. రెండు దేశాల మంత్రులూ రాత్రే దిగారు. అందుకే ఈ బూటు సంగతి ఇప్పుడే తేలిపోవాలి. పెట్టవయ్యా!"

"మరి వాళ్ళకి చెప్పారా?"

"ఎవరికి?"

"ఆ నాలుగు వందల జతల వాళ్ళకి. వెనక మీరున్నారని నమ్మి కొండలెక్కారు కదండీ."

"ఇలాంటివి ఎవరైనా నోటితో చెబుతారా? లారీలు రావడం మానేస్తే వాళ్ళే అర్థం చేసుకుంటారు."

"తుపాకులన్నా వెనక్కి అడిగారా?"

"ఇచ్చామని ఎప్పుడు ఒప్పుకున్నాం, వెనక్కి అడగడానికి?"

"కొరివితో తల గోక్కున్నారు సరే, ఆ కొరివి ఎక్కడ పారేశారో కూడా చూసుకోలేదన్నమాట."

"నీతులొద్దు. ఇదిగో కలం."

"దీంతో ఇక పని లేదేమోనండి."

"అంటే?"

"పొద్దున్నే తోలు కడగడానికి ఏటికి వెళ్ళాను. రాత్రి వాన కదా, ఒడ్డంతా బురద. బురద నిండా బూట్ల అచ్చులు. ఎడమకాలి అచ్చు ఏది చూసినా మూడు మేకులే."

"ఎప్పుడూ ఒకరిద్దరు వచ్చిపోతుంటారులే. మామూలే."

"పోయిన అచ్చు ఒక్కటీ లేదండి. మడమలన్నీ ఏటివైపు, వేళ్ళన్నీ ఊరివైపు. చూసుకుంటూ పోయాను. మీ అతిథిగృహం వెనకగోడ దాకా ఉన్నాయి."

"గోడ దాకానా? అక్కణ్ణించి?"

"అక్కణ్ణించి పచ్చిక కదండీ. అచ్చు పడదు."

"మరి... మరి పొద్దున్నే వచ్చి చెప్పవేం?"

"చెబుదామనే బయల్దేరుతున్నాను, మీరే కాగితం పట్టుకుని వచ్చారు. ఆ బూట్లకీ ప్రభుత్వానికీ సంబంధం లేదన్నారు. లేనప్పుడు మీకెందుకులే అనుకున్నాను."

"మేస్త్రీ, వాళ్ళు... వాళ్ళెందుకొచ్చినట్టు?"

"ఏముందండీ. లారీలు రాలేదుగా, అర్థం చేసుకున్నట్టున్నారు."