గ్రేస్ బొటనవేలు

"బీడీల చాట ఏడవెట్టినవ్ గ్రేసూ? కనవడ్తలేదు."

"అటక మీద పడేసిన అక్క. బీడీలు చెయ్యక నెల దాటింది. కూసో, నీకొక ముచ్చట చెప్పాలె..."

"ఆగు, ముందుగాల నాది చెప్పనియ్యి. మళ్ల నాకు నోరు పెగలదు."

బోధన్ అవతలి పల్లెలో, గ్రేస్ ఇంటి అరుగు మీద, మహిళా సంఘం లీడరు లక్ష్మవ్వ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వాకిట్లో నిలబడే చెప్పేసి వెళ్లిపోదామనుకున్న మనిషి, పాపం, అప్పటికే రెండు లోటాల నీళ్లు తాగింది.

"చెప్పు మరి."

"నెల సంది ఎట్ల ఎల్లదీస్తున్నవే?"

"గదేనా నీ ముచ్చట?"

"గది గాదు. ఊకెనే అడుగుతున్న."

"మా ఆయన ఇండ్లు కట్టే సుతారి పనికి పోతుండు. సాల్తలేదు. వారంల మూడు దినాలు పచ్చిపులుసే. ఏం జెయ్యాలె అక్క? తునికాకు కత్తిరిచ్చి, బీడీలు సుట్టి సుట్టి వేలు మీది గీతలే పోయె. బ్యాంకుల మిషన్ మీద నాలుగుసార్లు పెడితే నాలుగుసార్లు ఎర్రలైటే. పని బంజేస్తె తోలు మళ్ల వస్తదని దవాఖాన్ల సిస్టరమ్మ చెప్పింది. రోజు మీగడ రాసుకుంట కూసున్న."

"మీగడకు వస్తయా గీతలు?"

"గదే చెప్పబోయిన..."

"ఉండు. సంఘం పదిమందిల ఒక్కల వేలు పడకున్నా లోను ఆగుతదని బ్యాంకు మేనేజర్ అనె. నువ్వు విన్నవు గదా."

"విన్న. అందుకే గదా పని బంజేసింది."

"తొమ్మిది మంది రోజు నా ఇంటి ముంగట కూసుంటున్నరు. బడి పిల్లల బట్టలు కుట్టే ఆర్డర్ సర్కారోల్లు మన సంఘానికే ఇచ్చిండ్రు. కుట్టు మిషన్లు లోన్ల నుంచే కొనాలె. ఈ నెల దాటితే ఆర్డర్ పక్కూరి సంఘానికి పోతది."

"నాకెరుకనే. నేను సుత మిషన్ కోసమే సూస్తున్న. తంబాకు దుమ్ముకు ఒకటే దగ్గు. కుట్టుపనైతె దగ్గన్న తగ్గుతది."

"అవునవును."

"ఎందుకక్క తల దించుకుంటున్నవ్?"

"ఏం లేదు. జర ఉక్కపోస్తుంది."

"అక్క."

"సంఘం లెక్కలు రాసే పుష్పలత ఏమన్నదంటే..."

"పుష్పలత సంగతి వద్దు. నువ్వేమన్నవ్?"

"నేనేమంట. అందరు ఒక్కటే మాట. నీ జాగల ఇంకొకలను వెడితె..."

"ఎవలను?"

"ఎవలో ఒకలు."

"ఎవలను అక్క?"

"సుమనను."

"నీ కోడల్ని."

"గా పిల్ల వేలు ఒక్కసారికే పడ్డది. మొన్ననే బ్యాంకుకు పేర్లు పంపిండ్రు. నీ పేరు తీసేసి పంపిండ్రు. ఇగో, నీ ఇష్టంతోని తప్పుకుంటున్నవని కాయితం. పొద్దుగూకేలోపల ఇయ్యాలె."

"మొన్ననే."

"నన్ను తిట్టు గ్రేసూ. తిడితె నాకు జర నిమ్మలమైతది."

"తిట్టే ఓపిక లేదక్క. పద్దెనిమిదేండ్లాయె. సంఘం పెడతమని ఇంటింటికి తిరిగింది మనిద్దరమే. నీకు సంతకం నేర్పింది సుత గీ అరుగు మీదనే."

"యాదుంది."

"పేరు మళ్ల మార్పిచ్చరాదా?"

"మార్పిస్తె పదిమంది మళ్ల బ్యాంకుకు పోవాలె. మళ్ల నెల పడ్తది. ఆర్డర్ పోతది. అందరిది పోతది."

"నా ఒక్కదాని కోసం."

"నేను గట్ల అనలే."

"నేనే అంటున్న. కాయితం ఇటియ్యి."

"ఇగో పెన్ను."

"పెన్ను వద్దు. సంచిల ఇంకు డబ్బ ఉన్నదా?"

"ఉన్నది గని... నీ వేలు పడదు గదనే. సంతకం చాలు."

"కాయితం గట్టిగ పట్టుకో. కదిలియ్యకు."

"పట్టుకున్న."

"పడ్డదా?"

"పడ్డది. గ్రేసూ... గీతలన్ని మంచిగ కనవడుతున్నయి."

"కనవడుతయి. ఇయ్యాల పొద్దుగాల బోధన్ బ్యాంకుల మిషన్ మీద సుత ఒక్కసారికే పడ్డది. నువ్వు రాంగనే గదే చెప్దామనుకున్న. నీ ముచ్చట ముందుగాల అంటివి."