మైనపు రంగుల యంత్రం, మా మేడమ్‌గారు

1988వ సంవత్సరం జూలై నాలుగో తేదీ ఉదయం మా పటాల ముద్రణ విభాగంలో టైపిస్టుగా బాధ్యతలు స్వీకరించి, నేడు అదే విభాగానికి అధిపతిగా పదవీ విరమణ చేస్తున్న మా ‘మైనం మేడమ్’గారికి ఆ పేరు రావడానికి కారణం, పదమూడేళ్ల తరువాత ఆ గదిలోకి వచ్చిన ఒక ముద్రణ యంత్రం.

ఆ యంత్రానికి ద్రవరూపమైన సిరా అక్కరలేదు. సబ్బుబిళ్లల్లాంటి రంగురంగుల మైనపు ముద్దలే దానికి ఆహారం. లోపలి వేడికి అవి కరిగి, వెంట్రుకంత సన్నని రంధ్రాల గుండా, తిరుగుతున్న డ్రమ్ము మీద బొట్లుబొట్లుగా పడి చిత్రమవుతాయి. కాగితాన్ని దానికి గట్టిగా అదమగానే ఆ చిత్రం కాగితానికి అంటుకుని క్షణంలో గడ్డకడుతుంది. డ్రమ్ము మీద పలుచని నూనె పూత ఉంటేనే రంగు దాన్ని పూర్తిగా వదులుతుంది. ఎవరూ నేర్పకుండానే, యంత్రంతో వచ్చిన పుస్తకం ముందు పెట్టుకుని, రెండుసార్లు వేళ్లు కాల్చుకుని, మేడమ్‌గారు ఇదంతా ఆకళింపు చేసుకున్నారు.

2009లో, భూపటాలు గీసే మా డ్రాఫ్ట్స్‌మన్‌గారు హఠాత్తుగా కన్నుమూశారు. సంతాప సభ కోసం వారి ఫొటోను ఆ యంత్రం మీదే ముద్రించాం. మర్నాటి నుంచి ప్రతి పటం మీదా వారి ముఖం లీలగా కనిపించసాగింది. తడిమితే కనుబొమలు వేలికి తగిలేవి. సిబ్బంది ఆ గది గడప తొక్కడం మానేశారు. యంత్రాన్ని సాయంత్రానికల్లా తుక్కు కింద పంపేయమని పై అధికారి ఆదేశించారు. మేడమ్‌గారు ఆయన ఎదుటే మూత తెరిచి, నూనె పూసే రోలరు ఎండిపోయిందని, అందుకే డ్రమ్ము మీద పాత రంగు మిగిలిపోతోందని చూపించారు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

రోలరు మార్చబోతున్న నన్ను ఆగమని, మేడమ్‌గారు ఒక తెల్లకాగితం పెట్టి తీశారు. ముఖం మునుపటికంటే స్పష్టంగా వచ్చింది.

“ఫొటోలో ఆయన కళ్ళు తెరిచే ఉన్నాయి కదా?” అన్నారు మెల్లగా.

కాగితం మీద కళ్ళు మూసుకుని ఉన్నాయి.

చించేద్దామన్నాను. మేడమ్‌గారు వినలేదు, దాన్ని కవరులో పెట్టి, డ్రాఫ్ట్స్‌మన్‌గారి భార్యకు స్వయంగా అందజేశారు. ఆవిడ చాలాసేపు ఆ ముఖం మీద వేళ్లు ఆనించి ఉంచారు.

“ఆదివారం మధ్యాహ్నాలు ఇలాగే పడుకునేవారు. ఎవరు తీశారమ్మా ఈ ఫొటో?”

“నేనే తీశానండీ,” అన్నారు మేడమ్‌గారు.

ముప్పై ఆరేళ్ల కొలువులో వారాడిన అబద్ధం, నాకు తెలిసి, అదొక్కటే. డ్రాఫ్ట్స్‌మన్‌గారి భార్య కూడా ఇప్పుడు లేరు గనుక, మేడమ్‌గారి అనుమతితోనే ఈ సంగతి రాస్తున్నాను.

రోలరు మార్చాక ఆ ముఖం మళ్ళీ రాలేదు. అయినా, విభాగాధిపతి అయ్యాక కూడా ప్రతి ఉదయం తొలి కాగితాన్ని వారే అందుకుని, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసేవారు. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు.

ఇకమీదట వారి ఉదయాలు భర్తగారితో, కుమార్తెతో తీరుబడిగా గడవాలని, ఆరోగ్యం తోడుండగా దీర్ఘాయుష్షుతో వారు పదికాలాలపాటు చల్లగా ఉండాలని మా విభాగమంతా మనసారా కోరుకుంటోంది. రేపటి తొలి కాగితాన్ని నేను చూస్తాను.