దాలమ్మ పుస్తకంలో ఖాళీ గడి

దాలమ్మని ఒక మనిషి ఉండేదనుకోండి. ఊటవలసలో, జలపాతం కిందే ఆవిడిల్లు. పదేళ్లు జీడిపిక్కల బట్టీలో పని సేసినాది. జీడి సొన తగిల్తే వేళ్లు ఎలాగైపోతాయో మీకు తెలీందేటి, నల్లగా, తోలూడిపోయి. అన్నం కలుపుకుంటే కళ్లల్లో నీళ్లు తిరిగేవంట. అలాంటిది ఏటైందంటే, జలపాతం సూడ్డానికి పట్నం జనం రావడం మొదలెట్టారు. ఊళ్లో ఎవడికి తోసినట్టు ఆడు ఇల్లు అద్దెకిచ్చీడమే. ఎవడొచ్చాడో ఎవడెల్లాడో అడిగే నాథుడు లేడు. ఒకింట్లో తెల్లార్లూ పాటలు, ఇంకోళ్లు సీసాలు తెచ్చి జలపాతం కింద పారే గెడ్డ నీళ్లలో పారేసినారు, గేదెల కాళ్లు తెగినాయి. సర్పంచి తవిటినాయుడికి ఒళ్లు మండిపోయి పంచాయితీలో తీర్మానం సేసినాడు. ఏటనీ, సుట్టాల్లాగ మనుషుల్ని దింపుకునే ప్రతి ఇల్లూ పేరు రాయించుకోవాల, గుమ్మం మీద నంబరేయించుకోవాల, పుస్తకం పెట్టాల. ఎవరొచ్చారు, ఎక్కణ్ణించొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఎప్పుడెల్తారు. అలా సేసినోళ్లకి పంచాయితీయే మంచాలిప్పిస్తాది, దోమతెరలిప్పిస్తాది. పుస్తకం సరీగా రాయకపోతే నంబరు పీకేస్తాది. దాలమ్మ ఇంట్లో ఒక గది ఖాళీ సేసి, అందరికన్నా ముందెల్లి ఒకటో నంబరు ఏయించుకున్నాది. బట్టీకి దండం పెట్టేసినాది.

నెలకోసారి పంచాయితీ సెక్రెటరీ హైమావతిగారు వొచ్చి పుస్తకం సూస్తాది. పొరుగూరావిడ, మంచిదే గానీ పనికాడ ఖచ్చితం. మొదటి నెల సూసినాది, రెండో నెల సూసినాది, మూడో నెల మొహం ఎర్రగా సేసుకున్నాది. "ఏంటమ్మా దాలమ్మగారూ, అన్ని గళ్లూ ముత్యాల్లా రాశారు, ఈ చివరి గడి ఒక్కటీ ఖాళీగా వదిలేశారేంటి? ఎప్పుడెళ్తారో రాయాలని రెండుసార్లు చెప్పాను కదా" అన్నాది. దాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, అదెలా రాస్తానమ్మా అన్నాదంట. అడిగి రాయండి అన్నాదావిడ. "ఓలమ్మోలమ్మ! గుమ్మంలో కాలెట్టిన మనిషిని, ఎప్పుడెల్లిపోతావు బాబూ అని అడుగుతారేటమ్మా? కాళ్లకి నీళ్లిచ్చి, అదే సేత్తో మెడట్టుకుని గెంటినట్టుండదా? మా అత్త బతికుంటే సీపురు తిరగేసును."

మీరు నవ్వుతున్నారు గానీ, రేపు మీ అల్లుడొచ్చినప్పుడు గుమ్మంలోనే అడిగి సూడండి, ఎప్పుడెల్తావు నాయినా అని. మల్లీ మీ గడప తొక్కుతాడేమో సూద్దాం!

హైమావతిగారికీ నవ్వొచ్చినాది గానీ ఆపుకున్నాది. "మీ మర్యాద నాకు అర్థమైందమ్మా. కానీ అందరికీ ఒకటే రూలు. మీకొక్కరికి వదిలేస్తే రేపు మిగతావాళ్లూ నన్నడుగుతారు. పదో తారీఖున సభ ఉంది, అప్పటికీ గడి ఖాళీగా ఉంటే నంబరు తీసేయాల్సిందే" అని నోటీసిచ్చి ఎల్లిపోనాది. నంబరు పోతే గది పోతాది, గది పోతే మల్లీ బట్టీయే కదా. దాలమ్మ తన వేళ్లకేసి సూసుకుని బావురుమన్నాది. తమ్ముడి వరసైన తవిటినాయుడొచ్చి, "ఏడవకు అప్పా, ఏదో ఒక తారీఖు పడెయ్, అందరూ సేస్తన్నదదే, ఒకడూ అడిగి రాయట్లేదు" అని సెవిలో సెప్పినాడు. దాలమ్మ ముక్కు సీదుకుని, "అబద్దం రాసేకాడికి పుస్తకమెందుకురా నాయుడూ? నీ తీర్మానమెందుకు?" అన్నాది.

ఇంకో వారానికి ఒకాయన దిగినాడు. పిట్టల్ని ఫొటోలు తీసుకునే మనిషి, ఒక్కడే. ఉన్న సంచీ ఒకటి, అది ఎప్పుడూ భుజాన్నే. దాలమ్మ పుస్తకంలో పేరు రాసినాది, ఊరు రాసినాది, ఆఖరి గడికాడికొచ్చి సెయ్యాగిపోనాది. అడగాలని నోరు తెరుస్తాది, మాట రాదు. ఆకరికి పుస్తకం పక్కనెట్టి, పోనీ వంటయినా సూద్దామని బియ్యం సేట పట్టుకునొచ్చి, రోజూ అడిగే మాటే అడిగినాది. "బాబూ, ఎన్ని పూటలకి సూసుకోమంటారు?" ఆయన వేళ్లు లెక్కెట్టుకుని, "ఈ మధ్యాహ్నంతో కలిపి ఆరు పూటలమ్మా. ఎల్లుండి రాత్రి మీ చేతి అన్నం తినే బస్సెక్కుతాను" అన్నాడంట. అంతే! దాలమ్మకి దారి దొరికీసినాది. ఎల్లమన్లేదు, ఎప్పుడెల్తావనీ అన్లేదు, అన్నం తినమన్నాది, ఆ మనిషే సెప్పీసినాడు. గబగబా ఎల్లి ఆ గడిలో "ఆరు పూటలు" అని రాసినాది. తారీఖు కాదు, సూసినారా, పూటలు.

నాలుగు పూటలు సుబ్బరంగా తిన్నాడు. మూడోనాడు పొద్దున్నే టీ తాగి కొండకెల్లినాడు. ఐదో పూట, మధ్యాహ్నం, ఎండుసేపల పులుసెట్టి కూకుంటే రాడే! అన్నం సల్లారిపోనాది. పక్కింటోళ్లు, "ఇంకేటొస్తాడే, సంచీ భుజాన్నే ఉంది, బస్సెక్కేసుంటాడు" అన్నారు. దాలమ్మ ఊరుకుంటాదా? "ఆరన్నాడు, నాలుగే తిన్నాడు. ఇంకా రెండు పూటలు నా కాడుండగా ఎలాగెల్లిపోతాడు?" అని పుస్తకం సంకనెట్టుకుని పంచాయితీ ఆఫీసుకి ఒకటే పరుగు. హైమావతిగారు ఆ గడి సూసినాది, దాలమ్మ మొహం సూసినాది, కుర్సీలోంచి లెగిసిపోనాది. తవిటినాయుడు పదిమందిని పోగేసి కొండెక్కినాడు. జలపాతం ఎనకాల పాసిబండ మీంచి జారి, మడం ఇరిగి పడున్నాడు పాపం. అరిసి అరిసి గొంతు పోనాది, ఆ నీళ్ల హోరులో ఎవడికినపడతాది? ఇంకో పూట అలాగే ఉంటే మనకి దక్కేవోడు కాడు. డోలీ కట్టి పొద్దుగూకే లోపల దింపినారు. ఆస్పత్రి బండొచ్చేలోగా దాలమ్మ ఇంత అన్నం ముద్దలు సేసి పెడితే, సిన్న పిల్లడిలాగ ఏడుస్తూ తిన్నాడంట.

పదో తారీఖు రానే వొచ్చినాది. సభలో దాలమ్మ ఎనకాల గోడకాడ నిలబడినాది. ఎంత సేసినా, పాత గళ్లన్నీ ఖాళీగానే ఉన్నాయి కదా మరి. హైమావతిగారు అన్ని పుస్తకాలూ బల్ల మీదెట్టి, "మిగతా వాళ్లందరూ తారీఖులు రాశారు. బస్సుల రోజులతో పోల్చి చూశాను, సగం కాకి లెక్కలే. ఆ మనిషి మీ ఎవరింట్లో దిగినా కొండ మీదే పోయేవాడు" అన్నాది. "మనం పుస్తకం పెట్టింది మనిషి ఉన్నాడో లేడో తెలియడానికే. ఇవాళ్టి నుంచి అన్ని పుస్తకాల్లోనూ ఆ గడి కొట్టేసి, ఎన్ని పూటలు అని రాయండి. ఎలా అడగాలో దాలమ్మగారు నేర్పుతారు" అన్నాది. తవిటినాయుడు ముందుగా సప్పట్లు కొట్టినాడు. దాలమ్మ అక్కడే కూలబడి, నా గది నాకుండిపోనాదిరా నాయుడూ అని నవ్వుతూ ఏడిసినాది.

అయిపోనాదనుకున్నారా? ఆమధ్య జిల్లా నుంచి పెద్దాఫీసరొకాయన తనిఖీకొచ్చినాడంట. పుస్తకం తీసి, ఇదేం గడి అమ్మా, ఇదెక్కడి రూలు అని గయ్యిమన్నాడంట. దాలమ్మ కుర్సీ ఏసి, కాళ్లకి నీళ్లిచ్చి, "బాబూ, తమరికెన్ని పూటలు?" అన్నాది. లేదమ్మా, సంతకం పెట్టి ఇప్పుడే వెళ్లిపోవాలి అన్నాడాయన. నాను అబద్దం సెప్పను, కావాలంటే ఊటవలసెల్లి సూసుకోండి, ఆ గడిలో "మూడు" అని ఆయన సేత్తోనే రాసున్నాది.