మలాకీ వైపు స్తంభం

పదిహేడేళ్లలోపు కుర్రాళ్ల గేలిక్ ఫుట్‌బాల్, కౌంటీ క్లబ్బుల పోటీ, సెమీఫైనల్: కిల్‌వార్నా, గ్లెన్‌టావ. ఓడినవాళ్లు ఇంటికి. ఆట ఇంకా పావుగంట ఉంది. గోలు స్తంభాలకు చెరోపక్క తెల్లకోట్లు తొడుక్కున్న అంపైర్లు ఇద్దరు: ఎడమ స్తంభం దగ్గర కిల్‌వార్నా చర్చిలో గంట కొట్టే మలాకీ, కుడి స్తంభం దగ్గర డెసీ. మధ్యలో గ్లెన్‌టావ గోల్‌కీపరు లోర్కన్.

"కోటు గుండీలు పెట్టుకో మలాకీ అన్నా. గాలికి రెక్కలు విప్పిన బాతులా ఉన్నావు."

"రెండే ఉన్నాయి డెసీ. ఇది పాడీ కోటు, వాడి బదులే కదా నేను. వాడి పొట్టకి మిగతావి ఎప్పుడో తెగిపోయుంటాయి."

"పాడీగాడి ఆవు ఇవాళే ఈనాలా? పన్నెండేళ్లుగా మా బావ రిఫరీగా ఎక్కడికెళితే అక్కడికి మేం నలుగురం ఒకే కారులో వెళ్తాం. ఒక్క ఆదివారం తప్పలేదు."

"ఆవుకేం తెలుసు సెమీఫైనలని."

"ఆవుకి తెలీదు సరే. నీ బుద్ధి ఏమైంది? నీ ఊరి జట్టు, నీ సొంత మనవడు తైగ్ ఆడుతుంటే ఎలా ఒప్పుకున్నావయ్యా?"

"ఒప్పుకోలేదు, ఒప్పించారు. నాలుగో మనిషి కోసం మైదానమంతా గాలించారు. చివరికి రెండు జట్ల కోచ్‌లూ వచ్చి నా ముందు నిలబడ్డారు. గ్లెన్‌టావ కోచ్ ఏమన్నాడో తెలుసా? 'మలాకీ అబద్ధమాడడు, మాకేం అభ్యంతరం లేదు' అన్నాడు. శత్రువు నోట ఆ మాట విన్నాక కాదని ఎలా అంటాను?"

"అంటే మెడకి పలుపు వేసి కట్టేశాడన్నమాట."

"కట్టేశాడు. ఆట మొదలైనప్పటి నుంచీ ఊపిరాడ్డం లేదు."

"తాతా, మీ మనవడికి కాస్త చెప్పు. ఇందాక బంతి ఎక్కడో ఉంటే నా డొక్కలో మోచెయ్యి పెట్టాడు."

"రిఫరీతో చెప్పుకో లోర్కన్. నాకు ఈ స్తంభం వరకే అధికారం."

"నవ్వుతూ పొడిచాడు తాతా."

"వాళ్ల నాయనమ్మ పోలిక. ఆవిడా నవ్వుతూనే పొడిచేది."

"ఒరేయ్, ముందు చూసుకోరా కీపరూ. వస్తున్నారు నీ మీదికి."

"చూశా డెసీ బాబాయ్. ఎనిమిదో నెంబరువాణ్ని పట్టుకోండ్రా... వాణ్ని వదిలేశారేంట్రా... తైగ్‌కి ఇచ్చేశాడు. తైగ్‌ని ఆపండ్రా..."

"నీ వైపే వస్తోంది మలాకీ అన్నా. చూసుకో."

"చూశాను. లోపలే. స్తంభానికి ఓ మనిషి పట్టేంత లోపల."

"అయితే చూస్తావేం? తెల్లజెండా ఎత్తు. అడ్డకర్ర పై నుంచి పోయింది, ఒక పాయింటు."

"ఎత్తాను. ఎత్తాను."

"ఇంక చాలు, దించు. ఊరేగింపులో పట్టుకున్నట్టు పట్టుకున్నావు."

"డెసీ, వెనక కంచె దగ్గర ఎవరో ఏదో అంటున్నారు. నన్నేనా?"

"నిన్నే. విననట్టు ఉండు."

"ఏమంటున్నారు?"

"మనవడి కోసం ఇంటి నుంచే జెండా తెచ్చుకున్నావట. జేబులో ఇంకో నాలుగున్నాయట. ఆ ఎర్రటోపీ ఆవిడ. ఏ మ్యాచ్‌లో చూసినా ఆవిడ గొంతే. ఆ మొగుడు ఎలా వేగుతున్నాడో పాపం."

"మా అమ్మ, బాబాయ్."

"...మంచి గొంతు నాయనా. దూరం వినిపిస్తుంది."

"అది నిజంగానే లోపల పోయింది డెసీ. నువ్వూ చూశావుగా?"

"చూశానన్నా. ఎవరు కాదన్నారు?"

"ఆవిడ అంది."

"ఆవిడ ఆ బంతి చంద్రుడిలోంచి పోయినా అలాగే అంటుంది. ఎంత ఇప్పుడు లెక్క?"

"వాళ్లు పన్నెండు. మావాళ్లు పదకొండు."

"మావాళ్లు అనకు. కోటు వేసుకున్నంతసేపూ నీకు మావాళ్లెవరూ లేరు."

"నిజమే. కిల్‌వార్నా పదకొండు."

"పది నిమిషాలుంది. సమానం చేశారంటే మరో ఇరవై నిమిషాల ఆట. ఆ పిల్లలు తట్టుకుంటారా? ఒక్కణ్నీ మార్చలేదేం మీవాళ్లు... కిల్‌వార్నా వాళ్లు?"

"మార్చడానికి ఎవరున్నారు? సరిగ్గా పదిహేను మంది. నీళ్ల సీసాలు మోసే కుర్రాడికి కూడా జెర్సీ తొడిగాం. మూడో నెంబరు వాడే. వాడికి పదమూడేళ్లు."

"అందుకేనా వాడి లాగు మోకాళ్ల కిందికి ఉంది."

"నవ్వకు డెసీ. ఇవాళ ఓడితే ఆ జెర్సీ మళ్లీ ఎవ్వరూ వెయ్యరు."

"ఎందుకని?"

"పిల్లలు లేరు. బడిలో రెండు తరగతులు కలిపేశారు, ఇప్పుడు క్లబ్బు వంతు. జనవరి నుంచి మా పిల్లలు గ్లెన్‌టావతో కలిసి ఆడాలని కమిటీ తీర్మానం. కాళ్లా వేళ్లా పడ్డాను. ఆఖరికి అధ్యక్షుడు ఒక్క మాట ఇచ్చాడు. ఫైనల్‌కి వెళితే ఇంకో ఏడాది విడిగా ఉండనిస్తామన్నాడు."

"ఏడాదిలో ఏమొస్తుంది?"

"పదకొండేళ్ల పిల్లలు ఏడుగురున్నారు. వాళ్లు అందుకునేదాకా ఏడాదికేడాది లాక్కురావాలని. నలభై ఏళ్లు ఆ మైదానంలో సున్నపు గీతలు నేనే గీశాను డెసీ. క్లబ్బు పోతే అక్కడ గొర్రెలు మేస్తాయి."

"వచ్చే ఏడు తైగ్ మా జట్టులోకి వస్తాడని మా కోచ్ అప్పుడే సంబరపడుతున్నాడు తాతా."

"నువ్వు బంతిని చూసుకో నాయనా."

"మంచి మాటే కదా తాతా అన్నాను."

"మంచి మాటే. చూసుకో."

"ఆ పెదాలు కదుపుతున్నావేంటి మలాకీ అన్నా? జపమా?"

"అలవాటు."

"గెలిపించమనా?"

"...అడక్కూడదంటావా?"

"నన్నడుగుతావేం? చర్చి గంట కొట్టేది నువ్వు."

"పొద్దున పూజయ్యాక మేరీమాత ముందు కొవ్వొత్తి పెట్టాను. పెట్టి నిలబడ్డాక మాట రాలేదు. పిల్లలకి దెబ్బలు తగలకూడదని అడిగి వచ్చేశాను. కానీ కొవ్వొత్తి పెట్టింది దెబ్బల కోసం కాదని ఆవిడకి తెలీదా?"

"గ్లెన్‌టావ చర్చిలో కొవ్వొత్తులు లేవా? ఈ ఎర్రటోపీ ఆవిడ గంపగుత్తగా కొని ఉంటుంది."

"మా అమ్మ ఆరు పెట్టింది."

"చూశావా? ఆరు. ఇప్పుడు పైవాడు ఎవరి మాట వినాలి?"

"అదే నేనూ అనుకుంటున్నాను డెసీ. ఎవరో ఒకరి పిల్లలు ఏడవాల్సిందే. ఆయనకి ఇది ప్రతి ఆదివారం ఉంటుంది కాబోలు."

"ఎన్ని నిమిషాలుంది బాబాయ్?"

"నాలుగు. అదనంగా రెండో మూడో."

"ఎందుకింత మెల్లిగా తిరుగుతుందో ఈ గడియారం."

"నీకు మెల్లిగా, మలాకీ అన్నకి వేగంగా. ఒకే గడియారంరా."

"తైగ్ కుంటుతున్నాడు డెసీ. చూడు. పిక్క పట్టేసింది."

"రిఫరీ చూస్తాడు. నువ్వు కదలకు."

"ఒక్కసారి వెళ్లి కాలు లాగి వస్తే..."

"అంపైరు వెళ్లి ఒక జట్టువాడి కాలు లాగుతాడా? మతి ఉందా?"

"లేదు. సరే. వెళ్లను."

"జెండా కర్ర అంత గట్టిగా పట్టుకోకు, విరుగుతుంది."

"మేరీమాతా. లేచాడు. లేచి నిలబడ్డాడు."

"లోర్కన్, సిద్ధం కా. ఇదే ఆఖరిది. మా బావ గడియారం చూసుకుంటున్నాడు."

"అందరూ వెనక్కి రండ్రా. వెనక్కి. సందు ఇవ్వకండి. ఆ పొడుగు లాగు పొట్టివాణ్ని వదిలెయ్యండి, వాడు కొట్టలేడు, తైగ్‌ని చూడండి..."

"పొట్టివాడే పట్టాడు. భలే పట్టాడు."

"డెసీ, మాట్లాడకు."

"తైగ్‌కి విసిరాడు. వాడు తిరిగాడు..."

"ఆ కాలితోనే కొడుతున్నాడు. ఆ కాలితో వద్దురా."

"కొట్టేశాడు. ఎత్తు. చాలా ఎత్తు. స్తంభం కంటే పైకి పోయింది. నీ వైపన్నా, నీ వైపు."

"చూస్తున్నాను. చూస్తున్నాను."

"మలాకీ అన్నా, నీ స్తంభం మీద నుంచి పోయింది, నాకిక్కణ్నుంచి తెలీదు. నువ్వే చెప్పాలి. లోపలా, బయటా?"

"ఒక్క నిమిషం."

"నిమిషాలు లేవు. రిఫరీ నీ వైపే చూస్తున్నాడు. ఊరంతా నీ వైపే చూస్తోంది."

"నీకేమనిపించింది డెసీ?"

"నాకిక్కణ్నుంచి తెలీదన్నాగా. నీదే మాట."

"నాదే మాట."

"జెండాయా, చేతులా? ఏదో ఒకటి చెయ్యి... చేతులు అడ్డంగా ఊపావు. బయటేనా?"

"బయట."

"సరే. బయట. ఈల వేసేశాడు. అయిపోయింది."

"అయిపోయిందా?"

"అయిపోయిందన్నా. పన్నెండు, పదకొండు. రా, జెండాలు చుడదాం. వాళ్ల జనం లోపలికి దూకుతున్నారు, తొక్కేస్తారు."

"తైగ్ కింద కూర్చున్నాడు."

"కూర్చోనీ."

"నా వైపు చూస్తున్నాడు."

"అటు చూడకు. విను. ఎర్రటోపీ ఆవిడ ఇప్పుడేమంటుందో విను. 'దేవుడిలాంటి మనిషి' అంటోంది. నిన్నే. ఇందాక దొంగ, ఇప్పుడు దేవుడు. పావుగంటలో అంత ఎదిగినవాణ్ని నేను చూళ్లేదు."

"డెసీ."

"ఊఁ?"

"బంతి పైకి లేచినప్పుడు నాకు కనిపించింది. బాగానే కనిపించింది. స్తంభం కంటే ఎత్తుకెళ్లాక, అదిగో, అక్కడ..."

"అక్కడ ఎవడికైనా కష్టమే."

"కష్టం కాదు. లోపలికి పోవాలి, లోపలికి పోవాలి అని ఎంత గట్టిగా అనుకున్నానంటే, లోపలికే పోయినట్టు కనిపించింది. అప్పుడు భయమేసింది. ఇది కన్ను చూసిందా, కడుపు చూసిందా అని."

"అందుకని?"

"అబద్ధమాడడని వాళ్లు నన్ను నమ్మి నిలబెట్టారు కదా. అనుమానం వచ్చినప్పుడు నావాళ్లకి ఇవ్వకూడదు కదా. అలా ఇస్తే దొంగతనం కాదూ?"

"నాకు చదువు లేదన్నా. నాకు తెలిసిందల్లా బంతి లోపలుంటే జెండా, బయటుంటే చేతులు. మధ్యలో నువ్వు, నీవాళ్లు, అనుమానం, ఇవన్నీ ఎక్కడి నుంచొచ్చాయో నాకు తెలీదు."

"తప్పు చేశానంటావా?"

"అననయ్యా. బయటే పోయుంటుంది. గాలి అటే వీస్తోంది కదా. రా, కోటు విప్పు. పాడీకి ఇచ్చెయ్యాలి."

"లోర్కన్ ఇంకా ఇక్కడే ఉన్నాడేం? బాబూ, మీవాళ్లంతా అక్కడ గంతులేస్తుంటే నువ్వొక్కడివీ గోల్లో కూర్చున్నావేం?"

"వెళ్తా తాతా."

"దెబ్బ తగిలిందా?"

"లేదు."

"మొహం అలా ఉందేం? గెలిచారు కదా. ఫైనల్‌కి వెళ్తున్నారు. లే."

"వెళ్తాలే తాతా. నువ్వు వెళ్లు."

"లోర్కన్. నువ్వు సరిగ్గా కిందే నిలబడ్డావు. తల పైకెత్తి చూస్తూనే ఉన్నావు."

"అన్నా, వాణ్నెందుకు అడుగుతావు? ఈల పడ్డాక ఎవడు ఏం చెప్పినా మా బావ లెక్క మార్చడు. వదిలెయ్."

"లెక్క కోసం కాదు డెసీ. నేను రాత్రి పడుకోవాలి. చెప్పు నాయనా. బయటే కదా?"

"అయిపోయిందిగా తాతా."

"అయిపోయింది. అందుకే అడుగుతున్నా."

"మా అమ్మతో చెప్పవుగా?"

"చెప్పను."

"లోపలే తాతా. జానెడు లోపల పోయింది. సమానమైపోయింది, ఇంకో ఇరవై నిమిషాలు ఎలా నిలబడాలిరా దేవుడా అని కళ్లు మూసుకున్నా. తెరిచేసరికి నువ్వు చేతులు ఊపుతున్నావు."