ఉన్నాం అనబాకండి

ఆ మొండి చింత ఉంది చూశారూ, ఎండాకాలం రిజర్వాయరులో నీళ్ళు తగ్గంగానే కొమ్మా రెమ్మా లేకుండా నల్లగా లేచి నిలబడుద్ది, దాని దగ్గరికి మనోళ్ళు ఎవరూ పోరు. చేపలు పట్టేవాళ్ళు పోతారు, వాళ్ళకేం కాదు. పక్కూరోళ్ళు బర్రెల్ని తోలుకుపోయి దాని మొదట్లోనే కూర్చొని చద్దన్నం తింటారు, వాళ్ళకీ ఏం కాదు. మనకే. ఎందుకంటారు? దెయ్యం ఉందని తెలుసు మీకు, అంతే. అది ఎవరో తెలీదు, ఏం అడుగుద్దో తెలీదు, కిసకిసా నవ్వడం మాత్రం వచ్చు. ఒరే బాలసామీ, నిన్నే, ఆ పళ్ళు లోపలపెట్టి దోమల పొగ ఇటు జరుపు. కరెంటు వచ్చేదాకా చెప్తా, వచ్చాక మీరెట్టాగూ నా మొహం చూడరు.

మన పాత ఊరు జోజిపాడు ఆ నీళ్ళ కిందే ఉంది. ఆ ఊరు కూడా మనది కాదు, అదీ ఒకళ్ళు తరిమితే వచ్చిందే. మన ముత్తాతల ముత్తాతలు ఏదో కరువులో, మరియతల్లి బొమ్మని బండి మీద పెట్టుకొని దక్షిణాది నుంచి బయలుదేరారంట, ఒక జమీందారు అడివి కొట్టుకొని బతకండి అన్నాడంట, వీళ్ళు అడివి కొట్టి, బావి తవ్వి, పాకగుడి వేసుకొని, పంట చేతికొచ్చేసరికి వాడి కొడుకు వచ్చి మీ దేవుడు మాకొద్దు పొండి అన్నాడంట, మళ్ళీ బండ్లు, మళ్ళీ ఇంకో ఊరు, అక్కడా అంతే. ఇల్లు పోతే కట్టుకుంటాం. గొడ్డు పోతే కొనుక్కుంటాం. పాతిపెట్టినవాళ్ళని ఏ బండి మీద ఎక్కిస్తావ్? పోయిన ప్రతిచోటా కొందర్ని మట్టిలో వదిలేసి, వెనక్కి తిరిగి చూసుకుంటా వచ్చారు. అందుకని జోజిపాడులో కుదురుకున్నాక ఒక చింతమొక్క నాటి, దాని చుట్టూ సమాధుల తోట పెట్టుకొని, ఇంక వీళ్ళని వదిలి పోయేది లేదని ఒట్టేసుకున్నారు.

ఒట్టేసుకొని ఒక ఆచారం పెట్టుకున్నారు. ఏటా ఆత్మల పండగ సాయంత్రం ఊరంతా కొవ్వొత్తులు పట్టుకొని ఆ చింత కిందికి పోతే, ఉపదేశి నిలబడి చనిపోయినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలిచేవాడు. పేరు పిలవంగానే ఆ ఇంటోళ్ళు 'ఉన్నాం' అనాలి. మావాళ్ళు ఉన్నారా, మమ్మల్ని వదిలేసి పోయారా అని వాళ్ళు మట్టిలో చెవులు రిక్కించుకొని ఉంటారంట, వాళ్ళకి ఆ ఒక్క మాట చాలంట. దిక్కులేని ముసలిదాని పేరొస్తే ఊరు ఊరంతా కలిసి 'ఉన్నాం' అనేది.

ఆ ఊరికి ఆఖరి ఉపదేశి ఇన్నయ్య. ఉపదేశి అంటే ఎవరో తెలుసుగా? సామి, అదే ఫాదరుగారు, లేని ఊళ్ళో పూజ ఒక్కటి తప్పించి సామి చేసే పనులన్నీ చేసేవాడు. జపం చెప్పేది ఆయనే, గంట కొట్టేది ఆయనే, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పేది ఆయనే, చావబోయేవాడి చెవిలో దేవుడి పేరు చెప్పి తర్వాత గోతిలోకి దింపేదీ ఆయనే. బక్కమనిషి, గొంతు మాత్రం చింత కింద పిలిస్తే ఏటి అవతలికి వినపడేది. పెళ్ళాం ఆరోగ్యమ్మ కాన్పులో బిడ్డతో సహా పోయింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఊరంతా చెవినిల్లు కట్టుకొని పోరినా వినకుండా, ఆమె సమాధి పక్కనే తనకి సరిపడా జాగాకి చుట్టూ రాళ్ళు పేర్చుకొని, ఇది నాది, ఎవరూ రాబాకండి అని చెప్పాడంట. పిచ్చోడని నవ్వారు. నవ్వడానికేముంది? ఆయన తప్పితే ఆమె పేరుకి ఉన్నాం అనే సొంతోళ్ళు ఇంకెవరూ లేరు.

ఆయనకి ఉన్నది ఒకటే కోరిక, మనూరికి విచారణ రావాలని. విచారణ అంటే లోకానికి ఒక అర్థం, మనకొక అర్థం. కోర్టోళ్ళకి, పోలీసోళ్ళకి విచారణ అంటే కూర్చోబెట్టి అడగడం. మనకేమో సామి కాపురముండే ఊరు, ఆయన కింద ఉండే గుళ్ళు, అదంతా కలిపి విచారణ. మన జోజిపాడు ఏటవతల ఊరి విచారణ కింద ఉండేది. సామి నెలకోసారి వచ్చేవాడు, ఏరు పొంగితే అదీ లేదు. విచారణ ఇచ్చి సామి ఇక్కడే కాపురముంటే ఇంక ఈ ఊరిని ఎవడూ కదిలించలేడని ఇన్నయ్య నమ్మకం. బిషప్పుగారు వచ్చినప్పుడల్లా కాళ్ళ మీద పడి అదే అడిగేవాడు, ఆయనేమో చూద్దాం ఇన్నయ్యా అనేవాడు. పెద్దోళ్ళ 'చూద్దాం' సంగతి మీకు నేను చెప్పాలా?

ఈలోగా ఏటికి అడ్డంగా డ్యామ్ కడతారని పుకారు. కడితే కట్టుకోనీ, నీళ్ళు ఇంతదూరం యాడొస్తాయని మనోళ్ళు నవ్వి ఊరుకున్నారు. అట్టాంటప్పుడు ఒకరోజు దండోరా పడింది. వచ్చే ఆదివారం పొద్దున జోజిపాడులో విచారణహో, దొరగారు వస్తారు, ఊరంతా హాజరు కావాలహో అని డప్పోడు కొట్టి చెప్పాడు. దేనికి విచారణో వాడిని పంపినోళ్ళు చెప్పలేదు, వాడూ అడగలేదు. మనోళ్ళకి దొరగారంటే ఎవరు? తెల్ల సామిని దొరగారనే పిలిచేవాళ్ళు. ఇంకేముంది, ఇన్నయ్య వీధిలోనే మోకాళ్ళ మీద పడిపోయి ఏడ్చాడంట. విచారణ వచ్చింది, మనకి విచారణ ఇచ్చారు అని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. ఆయన ఒక్కడే తప్పు విన్నాడా? ఊళ్ళో ఎవరికీ చెవుల్లేవా? అందరూ విన్నారు, అందరూ అదే అనుకున్నారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం పడుద్ది.

గుడికి సున్నం కొట్టారు, పందిరి వేశారు, బ్యాండుమేళం మాట్లాడారు. ఇన్నయ్య ముందు చింత కిందికి పోయి, ఆరోగ్యమ్మకి చెప్పి వచ్చాడంట, ఇంక మనల్ని ఎవరూ కదిలించరులే అని.

ఆదివారం పొద్దున ఊరంతా తలంట్లు పోసుకొని గుడి ముందు బండ్లబాట వైపు చూస్తా నిలబడింది. జీపేమో ఊరి వెనక నుంచి, ఏటి ఒడ్డున వచ్చింది. ఆఫీసరు నీడ చూసుకొని చింత కింద కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. ఎండ ఎక్కింది. గుడి వైపు నుంచి మేళం, పాటలు వినపడతన్నాయి. ఆయన విసుగొచ్చి బంట్రోతుని పంపితే, వాడు గుడి దగ్గరికొచ్చి, ఎవరయ్యా పెద్ద, విచారణకి రమ్మంటున్నారు, చెప్పుకునేదేమన్నా ఉంటే వచ్చి చెప్పుకోండి అన్నాడంట.

ఇన్నయ్య మొహం వెలిగిపోతా చెప్పాడు. "విచారణ ఇక్కడేనయ్యా. చెప్పుకునేదేముంది, మా కష్టాలు తీరినయ్. అయ్యగారినే ఇటు రమ్మను."

బంట్రోతు పోయి అదే చెప్పాడు. వాళ్ళకి ఇష్టమేనండీ, పండగ చేసుకుంటున్నారు అని కూడా కలిపాడు. ఆఫీసరుకేం, మంచిదే కదా, అభ్యంతరాలు లేవని రాసుకొని మధ్యాహ్నం భోజనానికి పోయాడు. మనోళ్ళు పొద్దుగుంకేదాకా గుడి ముందే నిలబడి, దొరగారికి ఏదో పని పడుంటుందిలే అనుకొని పందిరి కింద వండిన అన్నం తిని పడుకున్నారు.

నిజం తెలిసింది కొన్నాళ్ళకి, ఊరు ఖాళీ చెయ్యమని రెండో దండోరా పడ్డప్పుడు. అప్పుడు పరిగెత్తారు ఆఫీసులకి. డ్యామ్ గురించి విచారణ పెడితే మీరు రాలేదు, సంతోషమే అన్నారుగా అన్నారంట వాళ్ళు. వస్తే డ్యామ్ ఆపేవాళ్ళా అంటారా? ఆపరు. నాకు తెలుసు, ఇన్నయ్యకీ తెలుసు. కానీ ఎగువ ఊరోళ్ళు విచారణకి పోయి నోరు తెరిచి అడిగారు, నల్లరేగడి ఇప్పించుకున్నారు, వాళ్ళ పెద్దల సమాధుల్ని గట్టు మీదికి మార్చుకునేదాకా గడువు ఇప్పించుకున్నారు. అడగని మనకి ఈ పలుగురాళ్ళ దిబ్బ ఇచ్చారు, సమాధుల ఊసే లేదు. మళ్ళీ వదిలేసి పోవడమే. ఏం ఒట్టేసుకున్నారో అదే తప్పారు.

ఇప్పుడు చెప్పండి, తప్పెవరిది? ఊరిది అంటే ఎవరు మోస్తారు? కాబట్టి ఇన్నయ్యది అన్నారు. కొట్టలేదు, తిట్టలేదు, అంతకన్నా పాడుపని చేశారు. జపంలో ఆయన సగం చెప్తే మిగతా సగం ఊరు చెప్పాలి గదా, ఆ సగం చెప్పడం మానేశారు. ఆయన చెప్పి ఆగేవాడు. గుళ్ళో గోడలు తప్ప ఇంకెవరూ పలికేవాళ్ళు కాదు. గొంతు సవరించుకొని ఆ సగమూ తనే చెప్పుకునేవాడు.

ఆ ఏడు ఆత్మల పండగ వచ్చింది. ఊరు వదిలే ముందు ఆఖరి పండగ, ఆఖరిసారి పిలుపు. అందరూ చింత కిందికి పోయారు, పోకుండా ఎట్టా ఉంటారు, కొవ్వొత్తులూ పెట్టారు. ఇన్నయ్య పేరు పిలిచాడు. ఎవరూ పలకలేదు. ఇంకో పేరు. పలకలేదు. ఒకామె తన బిడ్డ పేరొచ్చినప్పుడు నోరు తెరవబోతే మొగుడు చెయ్యి గట్టిగా పట్టుకున్నాడంట. ఆయన మీద కోపానికి చచ్చినవాళ్ళేం చేశారు చెప్పండి? వాళ్ళకి మాత్రం, మావాళ్ళు లేరు, పోయారు అనే వినపడింది. ఆఖరికి ఆరోగ్యమ్మ పేరు పిలిచి, ఆయన తనే మెల్లిగా అన్నాడు.

"ఉన్నాను."

లారీలు వచ్చినప్పుడు తలుపులు పీకి ఎక్కించారు, దూలాలు ఎక్కించారు, గుడిగంట దింపి ఎక్కించారు. ఆయన ఎక్కలేదు. పేర్చుకున్న ఆ రాళ్ళ మధ్యన పోయి కూర్చున్నాడు. నడిచొస్తాడులే అని ఒకళ్ళతో ఒకళ్ళు చెప్పుకున్నారు. నీళ్ళు ఒక్కసారిగా రాలేదు, మెల్లిమెల్లిగా ఎక్కినయ్, తీసుకురావాలనుకుంటే పోయి తీసుకొచ్చేంత టైముంది. ఒక్కళ్ళూ పోలేదు. చావుగంట కొట్టడానికి కూడా లేదు, గంట ఇక్కడికొచ్చేసింది.

చచ్చినోడి కళ్ళు చారెడని, తర్వాత అందరూ మంచోడే పాపం అన్నారు. ఇంకో విచిత్రం చెప్పనా? ఈ కొత్తూరు వచ్చిన కొన్నేళ్ళకే మనకి విచారణ ఇచ్చారు. సామి వచ్చాడు, మేడ కట్టారు, స్కూలు పెట్టారు. అన్నీ ఉన్నాయ్, చింత కింద పిలిచే పిలుపు తప్ప. దాన్నెందుకు మానేశారో ఎవరూ మీకు చెప్పరు. మొదలుపెడితే ఇన్నయ్య పేరు కూడా పిలవాలి గదా. ఏ మొహంతో ఉన్నాం అంటారు?

ఇక్కడ మానేస్తే మాత్రం ఆయన మానతాడా? నీళ్ళు తగ్గి చింత బయటపడ్డాక, పొద్దుగుంకే వేళకి అక్కడ పిలుస్తాడు. ఆ పేర్లలో చేపలోళ్ళ మనుషులు ఒక్కళ్ళూ ఉండరు, వాళ్ళకి వినపడదు. మనకి వినపడుద్ది. మా మేనమామ కొడుకు గాబ్రేలు, దున్నపోతులాంటి మనిషి, దెయ్యాలంటే ఎగతాళి, తప్పిపోయిన ఎద్దుని వెతుక్కుంటా అటు పోయాడు. వాళ్ళ నాయనమ్మ పేరు వినపడింది, రోజమ్మా అని. చిన్నప్పటి అలవాటు, నోరు ఊరుకోదు గదా, ఉన్నాం అనేశాడు. గట్టు మీదున్న మనోళ్ళు అంతా విన్నారంట, దగ్గరికి పోలేదు. తర్వాత గొంతులో ఏడుపూ సంతోషమూ కలిసిపోయి, ఒక పేరు తర్వాత ఒక పేరు, ఊరు ఊరంతటి పేర్లు పిలిచాడంట ఇన్నయ్య, పలికేవాడు ఒకడు దొరికాడు గదా మరి. తెల్లారి మనోళ్ళు పోయేసరికి గాబ్రేలు గొంతు పోయి, వట్టి పెదాలతో ఉన్నాం ఉన్నాం అంటా ఆ మొదట్లో కూర్చొని ఉన్నాడు. ఇంటికి లాక్కొచ్చారు. ఆ తర్వాత బతికున్నోళ్ళు పిలిస్తే పలకలేదు, పెళ్ళాం అన్నానికి పిలిచినా పలకలేదు. వానలు పడి నీళ్ళు ఎక్కుతున్నప్పుడు లేచి, పనికి పోయినట్టే నీళ్ళల్లోకి నడిచిపోయాడు. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు చూశారు.

అదుగో, కరెంటు వచ్చింది. పొండి. ఆ చింత వైపు మాత్రం పోబాకండి, ఎద్దు పోతే పోయింది. తప్పనిసరై పోయారే అనుకోండి, మీ ఇంట్లో పోయినోళ్ళ పేరు పట్టుకొని ఎవరన్నా ఎంత ప్రేమగా పిలిచినా నోరు మూసుకొని వచ్చెయ్యండి. అది మనకి కొత్త కాదు, బాగా చేతనైన పనే.