గొడుగుల గుడ్డ

ముందే చెప్తున్నాను నాన్నా, ముందుది వెనక్కీ వెనకది ముందుకీ పెట్టేస్తానేమో. నువ్వు మధ్యలో అడ్డురాకు. అడ్డొస్తే ఉన్నది కూడా పోతుంది. కానీ ఎటు తిప్పి చెప్పినా ఒక్క మాట మాత్రం మారదు. తప్పు నాది కాదు. నీ గుడ్డది!

ఏంటి, నవ్వుతావేం?

ఇంటి దగ్గర చెప్పకుండా కొట్టుకెందుకు వచ్చావంటావా? ఇంట్లో నీ పెళ్ళాం ఉందిగా! సత్యలక్ష్మి నీకేం చెప్పిందో నాకు తెలుసు. "అత్తయ్యగారికి మతిమరుపు వచ్చేసిందండి. అంతర్వేది తీర్థంలో బుల్లిరాజుని వదిలేసి ఎవరి పిల్లాణ్ణో వెంటేసుకొచ్చారండి. ఆదివారం పిల్లల్ని ఆవిడతో కడియం పంపొద్దండి." ఇంతేనా? చూశావా, ఒక్క ముక్క పొల్లుపోలేదు. మతిమరుపంట!

ఆ గుమాస్తాని కాఫీకి పంపు. నేనిలా పరుపు మీద కూర్చుంటాను.

ఇప్పుడు చెప్పు. ఆ తాను తెప్పించిందెవరు? నీలం మీద పసుప్పచ్చ గొడుగులు. మీ అన్నదమ్ములిద్దరి పిల్లలు ఐదుగురికీ ఒకే తానులోంచి కుట్టించిందెవరు? "అమ్మా, జనంలో ముఖాలు వెతుక్కోకు, గొడుగులు లెక్కపెట్టుకో చాలు" అన్నది నువ్వు కాదూ?

కన్యక ఎంత గింజుకుందో తెలుసా! పదమూడేళ్ళ పిల్ల. "బ్యాండుమేళం వాళ్ళలా ఉన్నాం మామ్మా, మా క్లాసువాళ్ళు చూస్తే చచ్చిపోతాను" అని పాలకొల్లులో ఎక్కింది మొదలు నరసాపురం దాకా బస్సులో కిటికీ వైపే తిరిగి కూర్చుంది.

రేవులో పంటు ఎక్కి గోదారి దాటామా, సఖినేటిపల్లిలో మళ్ళీ బస్సెక్కామా, అంతర్వేదిలో దిగామా... ముందు దర్శనం చేసుకున్నాం. తర్వాత సముద్రం. కాదు కాదు, ఉండు! తడి బట్టలతో గుళ్ళోకి వెళ్తే పూజారిగారు కసిరారు. అయితే సముద్రమే ముందు. చూశావా, గుర్తొచ్చింది!

ఐదుగురూ ఐదు దిక్కులురా నాయనా. జోగులికి పదేళ్ళు, వాడికి నూతిలో మోటారు సైకిలు తిరిగే ఆట కావాలి. ఎనిమిదేళ్ళ మీనాకి రంగులరాట్నం, అదీ నిలువుగా తిరిగే పెద్దది. ఆరేళ్ళ వాసవికి బూర. కన్యకకి గాజులు, అవీ తనకి అక్కర్లేనట్టు మొహం పెట్టుకుని. నాలుగేళ్ళ బుల్లిరాజుకి ఏమీ అక్కర్లేదు, నా చంక ఉంటే చాలు.

ఎవర్నీ కాదనలేదు. నేను రాట్నం కూడా ఎక్కాను, తెలుసా? మీనా ఒక్కతే భయపడుతుందని ఎక్కాను. అది భయపడితేగా! పైకి వెళ్ళేసరికి నేనే కేకలు. కిందనుంచి జోగులు వచ్చేపోయేవాళ్ళందరికీ వేలెట్టి చూపిస్తున్నాడు, "మా మామ్మేనండి! ఆ అరిచేది మా మామ్మేనండి!" అని. అరవైనాలుగేళ్ళొచ్చి, అంత జనంలో, ముడి ఊడిపోయి... దిగగానే "ఇంకోసారి ఎక్కుదామా" అన్నదెవరనుకున్నావు? మీనా కాదు!

నవ్వు, నవ్వు. తలుచుకుంటే నాకే ఆగడం లేదు.

సాయంత్రం తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో ఇసకేస్తే రాలని జనం. నువ్వు చెప్పినట్టే లెక్కపెట్టాను. ఐదు గొడుగులు. ముఖాలు చూడలేదు, చూడొద్దన్నావుగా! పంటు ఎక్కేశాం. సంచిలోంచి తీర్థంలో కొన్న బెల్లం జీళ్ళు తీసి తలా ఒకటి చేతిలో పెట్టాను. పంటు నడి గోదారికి వచ్చింది. అప్పుడు వాసవి నోట్లోంచి బూర తీసి, "మామ్మా, వీడెవడు?" అంది.

చూద్దును కదా, నా కొంగు పట్టుకుని ఒకడు. నీలం చొక్కా, పసుప్పచ్చ గొడుగులు, బుగ్గలో జీడి. మనవాడు కాదు!

"నీ పేరేంట్రా?"

"సిట్టియ్య."

"మీ అమ్మేదిరా?"

వచ్చిన ఒడ్డు వైపు చూపించి ఇంకో జీడి అడిగాడు. జోగులేమన్నాడో తెలుసా? "వీడసలు ఏడవడంలేదు మామ్మా, వీణ్ణే ఉంచేసుకుందాం." వెధవ!

పంటు నడిపే సరంగు కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. "అవతలి ఒడ్డు తగలకుండా ఇది తిరగదండి, మామ్మగారూ" అన్నాడు. చేసేదేముంది! ఒడ్డు చేరి, అందరం దిగకుండా కూర్చుని, అదే పంటులో వెనక్కి.

తీరా చూస్తే రేవులో ఏసమ్మ. ఏసమ్మంటే ఆ చిట్టియ్య తల్లి, అక్కడ వేరుశనక్కాయలమ్ముకుంటుంది. ఆవిడ చంకలో మన బుల్లిరాజు! రెండు గుప్పెళ్ళ నిండా కాయలు. నేను చేతులు చాస్తే "రాను" అని మొహం తిప్పుకున్నాడు.

"ఏంటండి మామ్మగారూ, పిల్లోణ్ణి తీసుకెళ్ళేటప్పుడు మొకం సూసుకోరాండి?" అంది.

"గుడ్డ చూశానమ్మా" అన్నాను.

"అయ్యబాబోయ్! పాలకొల్లులో కొన్నానండి, కిరిస్మస్‌కి. తాను సివర మిగిలిన ముక్కండి. రంగు పోదన్నాడండి ఆ కొట్టాయన. పిల్లలు మారిపోతారని సెప్పలేదండి!"

ఆ కొట్టాయన ఎవరో నేను చెప్పలేదులే. ఇద్దరం ఆ ఇసకలో కూలబడి నవ్వాం చూడూ, కళ్ళమ్మట నీళ్ళు. అందులో నవ్వెంతో ఏడుపెంతో ఆ గోదారికే తెలియాలి.

ఇదీ సంగతి. మిగిలిన ముక్క అమ్ముకుంటే అమ్ముకున్నావు, నాకో మాట చెప్పొద్దూ? ఇందులో మతిమరుపెక్కడుంది? చెప్పు. లేదుగా? అయితే ఆదివారం కడియం వెళ్తున్నాం. ఆ పూలమొక్కల తోటల్లో తలో మొక్కా కొనిపెడతానని మాటిచ్చాను. సరేనా? అమ్మయ్య!

...

ఉండు. లేవకు.

సత్యలక్ష్మికి తెలియంది ఒకటుంది. నడి గోదారిలో, వీడు మనవాడు కాదని తెలిశాక, కన్యక నన్నడిగింది, "మరి మనవాడేడి మామ్మా?" అని. నలుగురూ నా ఎదురుగానే ఉన్నారు. లేనిదెవరో నాకు తెలియలేదురా.

పేరు కాదు పోయింది. పిల్లాడే పోయాడు, నా తలలోంచి. రోజూ నా పక్కలో నా కొంగు వేలికి చుట్టుకుని పడుకునే పిల్లాడే. నాకు నలుగురే మనవలన్నట్టు, "మనవాళ్ళందరూ ఉన్నారుగా" అన్నాను. ఈ నోటితోనే అన్నాను. కన్యక కాసేపు నా మొహంలోకి చూసి, చెవి దగ్గరకొచ్చి "బుల్లిరాజు, మామ్మా" అంది. అప్పుడొచ్చాడు వాడు నాకు. అది ఎవరికీ చెప్పలేదు పిచ్చిపిల్ల.

అది నీ గుడ్డ తప్పు కాదు నాన్నా.

నేను బడికెళ్ళినదాన్ని కాదు. మీ నాన్నగారి పచారీ కొట్లో పొట్లాల కాగితాలు చదివి నాలుగక్షరాలు నేర్చుకున్నాను. అవైనా ఉన్నాయి కదాని, పొద్దున్న ఎవర్నీ అడక్కుండా పిల్లల పేర్లు రాశాను. వయసులతో సహా. ఇదిగో.

నాకు చదివి వినిపించకు. నువ్వే చూడు. ఒక్క పేరు తగ్గినా, అటుదిటైనా, ఆదివారం పంపకు. నేనేమీ అనుకోను. అనుకుంటాను, అయినా పంపకు.

అలా నన్ను చూస్తావేంట్రా, కాగితం చూడు. అక్షరదోషాలు తర్వాత, ముందు పేర్లు సరిపోయాయో లేదో చూడు.